పెర్త్ కొండల్లో పూల కాలం: దారి ఇవ్వడమంటే పొదల్లోకి దిగడం కాదు

పెర్త్ వచ్చి ఏడాది తిరగకముందే ఆదివారాలు కొండల్లో నడవడం అలవాటు చేసుకున్నారంటే చాలా సంతోషం. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అత్తగారితో, ఇద్దరు పిల్లలతో సన్నని అడవి దారిలో నడుస్తుండగా మలుపు అవతలి నుంచి ఒక సైకిల్ వేగంగా వచ్చింది. అత్తగారు కంగారుపడి చిన్నపాపను లాక్కుని పొదల్లోకి దిగారు. అతను ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. తప్పు ఎవరిది, ఇకముందు ఏం చేయాలి, మౌంటెన్ బైక్ కొనాలని సరదాపడుతున్న మీవారికి ఏం చెప్పాలి అని మీ ప్రశ్న. నేను ఈ కొండల్లో నడుస్తాను, సైకిలూ తొక్కుతాను, దారుల మరమ్మతుకు స్వచ్ఛందంగా వెళ్లేవాళ్లతో కలిసి పనిచేస్తాను. కాబట్టి ఇద్దరి ఇబ్బందీ నాకు తెలుసు.

తప్పు సైకిల్ అతనిదే, ఇందులో సందేహం అక్కర్లేదు. అందరూ వాడే దారుల మొదట్లో ఒక పసుపు త్రికోణం బోర్డు ఉంటుంది. దాని మీద నడిచే మనిషి, సైకిల్, గుర్రం బొమ్మలు, వాటి మధ్య బాణాలు కనిపిస్తాయి. అది చెప్పేది ఒక్కటే. సైకిల్ అందరికీ దారి ఇవ్వాలి, నడిచేవాళ్లు గుర్రాలకు దారి ఇవ్వాలి. ముందు ఏముందో కనబడని మలుపులో, కనిపించినంత దూరంలో ఆగగలిగిన వేగం మించి వచ్చేవాడు ఈ నియమాన్ని పాటించడం లేదనే లెక్క. అతను గొణిగినందుకు మీ అత్తగారు నొచ్చుకోవలసిన పని లేదని నా మాటగా ఆవిడకు చెప్పండి.

అయితే ఆవిడ పొదల్లోకి దిగడం గురించి ఒక మాట చెప్పాలి. అది ఆవిడ తప్పు కాదు, ఎవరైనా అలాగే చేస్తారు. కానీ ఆగస్టు నుంచి అక్టోబరు చివరిదాకా ఈ కొండల్లో మనం మార్చుకోవలసిన అలవాటు అదే. నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మధ్య తగాదా అని అందరూ మాట్లాడుకుంటారు గానీ, పూల కాలంలో అసలు నష్టపోయేది దారి అంచున ఉన్న మొక్క. ఒకరికొకరు మర్యాద చూపించుకుంటూ ఇద్దరూ చెరో పక్క పొదల్లోకి దిగుతారు. వారాంతంలో వందల మంది అలా చేస్తే, సెప్టెంబరు మొదట్లో అడుగు వెడల్పున్న దారి నెల తిరిగేసరికి మూడడుగులు అవుతుంది. దారి ఇవ్వడమంటే ఆగడం, అంతే. పక్కకు దిగడం కాదు.

దారి అంచు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నైరుతి ఆస్ట్రేలియాలో సుమారు 8,000 రకాల మొక్కలు ఉంటే, వాటిలో దాదాపు సగం ప్రపంచంలో మరెక్కడా పెరగవు. చెట్ల నీడ తగ్గి కాస్త వెలుతురు పడేది దారి పక్కనే కాబట్టి చిన్న పూలు చాలావరకు అక్కడే కళ్లబడతాయి. ఈసారి వెళ్లినప్పుడు స్పైడర్ ఆర్కిడ్ ఒకటి కనబడితే పిల్లలతో పాటు దారి మీదే కూర్చుని దాని మొదలు చూడండి. నేలకు ఆనుకుని ఒకే ఒక్క ఆకు ఉంటుంది. సన్నగా, నూగుతో, పక్కనున్న గడ్డిలో కలిసిపోయి ఉంటుంది. ఆ మొక్కకు ఏడాది మొత్తానికి ఉన్న ఆకు అదొక్కటే. నేల లోపల చిన్న దుంప ఉంటుంది. ఆ ఏటి పువ్వు కోసం పాత దుంప కరిగిపోతుంది. వచ్చే ఏటికి కొత్త దుంప కట్టాలంటే ఆహారం ఈ ఒక్క ఆకే తయారుచేయాలి. ఎండలు ముదిరేసరికి పైనున్నదంతా ఎండిపోయి దుంప మాత్రమే మిగులుతుంది. ఆగస్టులో ఇంకా మొగ్గ కూడా వేయని ఆ ఆకు మీద బూటు పడితే ఆ ఏటి పువ్వు పోవడంతో ఆగదు, వచ్చే ఏటి మొక్కే ఉండకపోవచ్చు. విత్తనం నుంచి మళ్లీ రావడం అంత తేలిక కాదు. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, దానిలో నిల్వ ఆహారం ఉండదు, మట్టిలో దానికి సరిపడే శిలీంధ్రం దొరికితేనే మొలుస్తుంది. అందుకే పూలు కనబడేదాకా ఆగి అప్పుడు జాగ్రత్తపడితే చాలదు. పువ్వు లేని చోట కూడా దారి దిగకూడదు.

మరి ఎదురుపడినప్పుడు ఎలా దాటాలి? సైకిల్ మనిషి ఆగి, ఒక కాలు నేల మీద పెట్టి, దారి అంచుకు లోపలే నిలబడాలి. ఇప్పటి మౌంటెన్ బైకుల హ్యాండిల్ 75 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. సన్నని దారిని అదొక్కటే మూసేస్తుంది. సైకిల్ దిగి, హ్యాండిల్ తిప్పి, సైకిల్‌ను తన వైపు వంచి పట్టుకుంటే మనిషి దాటేంత చోటు దొరుకుతుంది. మీరు ఒకరి వెనుక ఒకరు నెమ్మదిగా దాటండి. అప్పటికీ చోటు చాలకపోతే ఎవరో ఒకరు నాలుగడుగులు వెనక్కి నడిచి, బండరాయి గానీ మొక్క లేని కంకర నేల గానీ చూసుకుని నిలబడాలి. అర నిమిషం పని. ఎత్తుమీదికి ఆయాసపడుతూ తొక్కి వస్తున్న మనిషిని చూసి మీరే ఆగి దారి ఇస్తే అది మీ మంచితనం. అప్పుడు కూడా నిలబడేది రాయి మీదే.

పొదల్లోకి దిగకపోవడానికి పిల్లల తల్లిగా మీకు ఇంకో కారణం కూడా ఉంది. వసంతంలో ఎండ కాస్తే పాములు బయటికి వస్తాయి. ఈ కొండల్లో డ్యూగైట్ ఉంటుంది, నీటి పట్టున టైగర్ స్నేక్ ఉంటుంది, రెండూ విషసర్పాలే. దారి మీద ఉంటే పాము మీకు కనబడుతుంది, మీరు దానికి తెలుస్తారు. పొదలో కాలు పెడితే ఆ రెండూ జరగవు. అత్తగారికి పూల సంగతికంటే ఈ సంగతి ముందు చెప్పండి.

కుటుంబంతో నడిచేటప్పుడు నేను చూసే ప్రమాదం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. అమ్మ దారికి కుడి పక్కన, నాన్న ఎడమ పక్కన, పిల్లలు అటూ ఇటూ ఉంటారు. బెల్ వినబడగానే పిల్ల భయపడి సరిగ్గా సైకిల్ ముందు నుంచే అమ్మ దగ్గరికి పరుగెత్తుతుంది. నిలబడి ఉన్న పిల్లను తప్పించడం సైకిల్ మనిషికి తెలుసు. ఎటు పరుగెత్తుతుందో తెలియని పిల్లను ఎంత నేర్పరీ తప్పించలేడు. అందుకని అందరూ ఎడమ పక్కనే నడవండి, ముందు ఒక పెద్ద, వెనుక ఒక పెద్ద, మధ్యలో పిల్లలు. బెల్ వినబడితే ఉన్నచోటే నిలబడాలని పిల్లలకు నేర్పండి. ఇంటి దగ్గర వీధిలో ఒకసారి ఆటలా ఆడించండి, వాళ్లకు బాగా గుర్తుంటుంది.

బెల్ విషయంలో మన పెద్దవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. మన ఊళ్లలో వెనుక నుంచి హారన్ మోగితే పక్కకు తప్పుకోమనే అర్థం. అలా దశాబ్దాలు అలవాటైన మనిషి బెల్ వినగానే ఆలోచించకుండా పక్కకు దూకుతుంది. ఇక్కడి దారుల్లో బెల్ అంటే వస్తున్నానని చెప్పడం మాత్రమే. ఆగే బాధ్యత మోగించినవాడిదే. ఈ సంగతి అత్తగారికి ముందే తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. ఒకరు దాటాక వెంటనే కదలకండి, చాలాసార్లు వెనుక ఇంకో ఇద్దరు ఉంటారు. మంచి అలవాటున్నవాళ్లు వెనుక ఎంతమంది వస్తున్నారో చెప్పి మరీ వెళతారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు, కనీసం ఒక చెవి ఖాళీగా ఉంచండి. పూల ఫొటోల కోసం మోకాళ్ల మీద కూర్చునేవాళ్లు మలుపు దాటగానే ఉన్న చోట కూర్చోకూడదు. తప్పనిసరైతే తోడు వచ్చినవాళ్లు మలుపు దగ్గర నిలబడి వచ్చేవాళ్లకు చేయి చూపాలి.

వేళ చూసుకుని వెళితే చాలా చిక్కులు వాటంతటవే తప్పిపోతాయి. సైకిల్ వాళ్లు వారాంతాల్లో తెల్లవారగానే బయలుదేరి ఎండ పెరిగేలోపు ముగించుకోవడానికి ఇష్టపడతారు. పూలు చూసేవాళ్లకు అంత పొద్దున పనే లేదు. నీలిరంగులో మెరిసే సన్ ఆర్కిడ్ ఎండ బాగా తగిలి గాలి వెచ్చబడితేనే విచ్చుకుంటుంది, మబ్బు రోజున మొగ్గలాగే ఉండిపోతుంది. పది దాటాక బయలుదేరితే మీకు పూలు విచ్చుకుని కనబడతాయి, దారీ కాస్త ఖాళీగా ఉంటుంది. ఇక్కడి నూంగార్ ప్రజలు ఏడాదిని ఆరు రుతువులుగా లెక్కిస్తారు. ఆగస్టు, సెప్టెంబరు జిల్బా. అక్టోబరు, నవంబరు కంబరాంగ్. పూలు మొదలై నిండుగా పూసే కాలం ఈ రెండింటిలో ఉంది. ఈ నేల వేల ఏళ్లుగా వాళ్లది. మనం కొత్తగా వచ్చినవాళ్లం, ఆ మాట మనసులో ఉంచుకుని నడవాలని నా కోరిక.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన సంగతి చెబుతాను. కొత్తగా వచ్చినవాళ్లకు దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఇది మొక్కల తెగులు, దీన్ని ఇక్కడ డైబ్యాక్ అంటారు. ఫైటాఫ్తోరా సిన్నమోమి అనే సూక్ష్మజీవి మట్టిలో ఉండి వేళ్లను కుళ్లబెడుతుంది. వేళ్లు పోయిన మొక్క నీరు తాగలేక నిలువునా ఎండిపోతుంది. నైరుతి ప్రాంతపు సహజ మొక్కల్లో సుమారు 40 శాతం జాతులు దీనికి లొంగేవే. బాంక్సియా పొదలూ చెట్లూ, జర్రా అనే యూకలిప్టస్ రకం చెట్లు, ఈటెలాంటి పొడుగాటి పూకంకితో నిలబడే బల్గా గడ్డిచెట్లు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. జర్రా చెట్లు ఎందుకు చచ్చిపోతున్నాయో చాలాకాలం అర్థం కాలేదు. 1960ల మధ్యలో గానీ ఈ జీవే కారణమని తేలలేదు. ఒకసారి సోకిన నేల నుంచి దీన్ని పూర్తిగా తొలగించే మార్గం ఈనాటికీ లేదు. ఫాస్ఫైట్ మందు వేస్తే మొక్క కొంతకాలం తట్టుకుంటుంది, అంతే.

అది తనంతట తాను వేళ్ల వెంబడి నిదానంగానే పాకుతుంది. కొండ ఈ వైపు నుంచి ఆ వైపుకు ఒక్క పూటలో చేర్చేది మన బూట్లూ టైర్లూ. ఇంటికి వచ్చాక మీ బూటు తిరగేసి చూడండి, అడుగున గాడుల మధ్య ఎర్రమట్టి ముద్ద, దానిలో చిన్న కంకర ఇరుక్కుని ఉంటుంది. తడిగా ఉన్న చిటికెడు మట్టి చాలు. మౌంటెన్ బైక్ టైరుకు అలాంటి గాడులు చుట్టూతా ఉంటాయి, పెడల్ కిందా ఫ్రేమ్ కిందా కూడా మట్టి పడుతుంది. కాబట్టి కారులో గట్టి బ్రష్ ఒకటి, మిథిలేటెడ్ స్పిరిట్‌లో కొద్దిగా నీళ్లు కలిపి 70 శాతానికి తెచ్చిన ద్రావణం నింపిన స్ప్రే సీసా ఒకటి ఎప్పుడూ ఉంచుకోండి. ముందు పొడి బ్రష్‌తో మట్టి మొత్తం రాల్చాలి. ఆ తర్వాతే స్ప్రే కొట్టాలి, మట్టి ముద్ద మీద కొట్టిన స్ప్రే లోపలికి దిగదు. అడవిలోకి అడుగుపెట్టే ముందు ఒకసారి, బయటికి వచ్చాక అక్కడే ఇంకోసారి చేయాలి. కొన్ని దారుల మొదట్లో బూట్లు శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంటుంది, దాన్ని దాటేసి వెళ్లకండి. ఒకే రోజు రెండు చోట్లకు వెళ్లాలనుకుంటే తెగులు లేని చోటికి ముందు వెళ్లండి, తెగులు ఉన్నదని బోర్డు పెట్టిన చోటికి తర్వాత. అసలు గట్టి వాన పడిన మర్నాడు మట్టి దారులు వదిలేసి తారు రోడ్డో గట్టి కంకర దారో ఎంచుకోవడం అన్నింటికంటే మంచిది. దారి మధ్య నీటి గుంట తగిలితే దాని చుట్టూ తిరిగి మొక్కలు తొక్కకండి. సైకిల్ దిగి మధ్యలోంచే నెమ్మదిగా దాటి, బయటికి వచ్చాక శ్రద్ధగా శుభ్రం చేసుకోండి.

ఇక మీవారి సంగతి. సైకిల్ కొనడం మంచి ఆలోచన, ఆపకండి. కానీ మొదటి నెలలో ఆయన నేర్చుకోవలసింది వేగం కాదు, ఆగడం. ఈ కొండల్లో గట్టి నేల పైన శనగ గింజలంత గుండ్రటి ఎర్ర కంకర పరుచుకుని ఉంటుంది. గచ్చు మీద శనగలు పోసి వాటి మీద సైకిల్ ఆపమన్నట్టే ఉంటుంది. వెనుక బ్రేకు గట్టిగా పట్టేస్తే చక్రం జారుతూ పోతుంది, సైకిల్ ఆగదు, దారి మీద చాలు పడుతుంది. తర్వాతి వానకు ఆ చాలు కాలువ అవుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులోకి వచ్చాక కాదు. మనుషులు కనబడగానే దూరం నుంచే ఒకసారి బెల్ కొట్టి, మనిషి నడిచే వేగానికి దిగి, నోటితో పలకరించాలి. వాళ్లు వెనుదిరిగి చూసిన తర్వాతే దాటాలి. హెల్మెట్ ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి, పనిచేసే బెల్ కూడా అంతే. చూడడానికి బాగుండదని బెల్ పీకేసేవాళ్లను అనుసరించవద్దని ఆయనకు నా మాటగా చెప్పండి. ఎలక్ట్రిక్ సైకిల్ కొంటే 250 వాట్ల మోటారు, గంటకు 25 కిలోమీటర్లు దాటగానే సాయం ఆగిపోయే రకమే చట్టబద్ధం. ఎత్తుమీదికి సైకిల్ అంత వేగంగా వస్తుందని నడిచేవాళ్లు ఊహించరు, ఆ సైకిల్ మీద ఉన్నప్పుడు ఎక్కుడులో కూడా దిగుడంత జాగ్రత్త కావాలి.

దారి ఎంచుకోవడం మీద చాలా ఆధారపడి ఉంటుంది. కలముండా నుంచి ఆల్బనీ దాకా సుమారు 1,000 కిలోమీటర్లు సాగే బిబ్బుల్‌మన్ ట్రాక్ నడిచేవాళ్లకు మాత్రమే, దాని మీద సైకిల్ ఎక్కించకూడదు. అదే ఆల్బనీకి మండేరింగ్ నుంచి వెళ్లే ముండా బిడ్డీ సైకిళ్ల కోసం వేసిన దారి, అదీ 1,000 కిలోమీటర్లు పైనే. కలముండాలో క్యామెల్ ఫార్మ్ దగ్గర సైకిళ్ల కోసమే కట్టిన సన్నని దారులు ఉన్నాయి. దారి బోర్డు మీద ఆకుపచ్చ వృత్తం ఉంటే తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల డైమండ్ కష్టం. మీవారు ఆకుపచ్చతో మొదలుపెట్టాలి. అలాంటి దారుల్లో మీరు పిల్లలతో నడవకండి. అక్కడ వేగంగా రావడం సైకిల్ మనిషి తప్పు కాదు, ఆ దారి కట్టిందే అందుకు. అందరూ కలిసి వెళ్లాలంటే పాత రైలు మార్గం మీద వేసిన రైల్వే రిజర్వ్స్ హెరిటేజ్ ట్రయల్ నాకు బాగా నచ్చుతుంది. సుమారు 41 కిలోమీటర్ల వలయం, జాన్ ఫారెస్ట్ నేషనల్ పార్కులోంచి వెళుతుంది. రైళ్లు తిరిగిన దారి కనుక వెడల్పు ఎక్కువ, వంపులు తక్కువ, వచ్చేవాళ్లు దూరం నుంచే కనబడతారు. 1896 నాటి స్వాన్ వ్యూ సొరంగం దాని మీదే ఉంది, లోపల చీకటి, టార్చి తీసుకువెళ్లండి, సైకిల్ దిగి నడిపించండి. పూలే ముఖ్యమైతే మార్టిన్ దగ్గర ఎల్లిస్ బ్రూక్ వ్యాలీ, లెస్మర్డీ జలపాతం పరిసరాలు చాలా బాగుంటాయి. ఎక్కడికి వెళ్లినా దారి మొదట్లో ఉన్న బోర్డు చదివి, అక్కడ ఎవరికి అనుమతి ఉందో చూసుకోండి. నాలుగేళ్ల క్రితం ఎవరో ఇంటర్నెట్‌లో రాసినదాని కంటే ఆ బోర్డుదే ఆఖరి మాట.

మీరు అడగలేదు గానీ, మన వాళ్లందరికీ చెప్పవలసినది ఒకటి ఉంది. బతుకమ్మ, దసరా సరిగ్గా ఈ పూల కాలంలోనే వస్తాయి. కొండ పక్కన నిండా పసుపుపచ్చగా పూసిన వాటిల్ పొదను చూసిన తెలంగాణ ఆడపడుచుకు తంగేడు గుర్తురాకుండా ఎలా ఉంటుంది? పూజకు నాలుగు పూలు తెంపడం మన ఇళ్లలో తప్పు కాదు, పుణ్యం. అత్తగారి చేయి అటు వెళ్లడం సహజం. కానీ ఇక్కడ ప్రభుత్వ నేల మీద ఉన్న సహజమైన మొక్కలన్నీ 2016 నాటి జీవవైవిధ్య పరిరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. లైసెన్సు లేకుండా కోయడం నేరం. 1960 నుంచి పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్ర పుష్పంగా ఉన్న ఎరుపు, ఆకుపచ్చ కంగారూ పా పువ్వు దారి పక్కన ఎంత గుత్తులుగా ఉన్నా చేయి వేయకూడదు. రాలినవి కూడా అక్కడే వదిలేయండి. బతుకమ్మకు బంతి, చామంతి పెరట్లో వేసుకోవాలంటే ఇక్కడి రుతువులు తిరగబడి ఉంటాయి కాబట్టి వెచ్చని చోట ముందుగానే నారు పోయాలి, లేకపోతే పూల దుకాణంలో ముందే చెప్పి ఉంచాలి. కంగారూ పా మొక్క కావాలంటే నర్సరీల్లో కుండీలో దొరుకుతుంది. పెరట్లో ఎండ తగిలే చోట పెడితే బాగా వస్తుంది. ఆ పువ్వు కోసి దేవుడి ముందు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ ఆదివారం అత్తగారిని మళ్లీ తీసుకువెళ్లాలని ఉంటే సైకిళ్లు రాని దారికే వెళ్లండి, ఆవిడకు ధైర్యం చిక్కుతుంది. కలముండాలో బిబ్బుల్‌మన్ మొదలయ్యే చోట అరగంట నడిచి వెనక్కి రావచ్చు, దిగుడు ఎక్కువ ఉన్నచోట ఆవిడకు చేతికర్ర ఇవ్వండి. ఆ తర్వాతి వారం రైలు దారికి తీసుకురండి. అక్కడ దూరం నుంచి వచ్చే సైకిల్‌ను చూసి, ఆగి, దాటనివ్వడం రెండు మూడుసార్లు జరిగితే చాలు, సన్నని దారిలో కూడా ఆవిడ కంగారుపడరు. మీవారు సైకిల్ కొన్నాక ఏ సైజు, ఏ టైరు అనే అనుమానాలుంటే ఆయన ఎత్తూ, ఎక్కడ ఎక్కువగా తొక్కాలనుకుంటున్నారో రాయండి, విడిగా చెబుతాను.